మ్యాక్‌బుక్‌లో విండోస్ ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్‌ను నడపడం ఎలా

లాప్‌టాప్ కొన్న తరువాతే చాలామందికి ఈ చిక్కు ఎదురవుతుంది. కోర్సులో సాలిడ్‌వర్క్స్ నేర్పుతారనో, ఉద్యోగంలో రెవిట్ మీద పనిచేయాలనో తెలిసేసరికి చేతిలో ఉన్నది ఆపిల్ సొంత చిప్‌తో నడిచే మ్యాక్‌బుక్ అయి ఉంటుంది. సాలిడ్‌వర్క్స్, రెవిట్, ఇన్వెంటర్, సివిల్ 3డీ, ఈటాబ్స్, శాప్2000, స్టాడ్ ప్రో, ఆల్టియం డిజైనర్ అన్నీ విండోస్ కోసమే తయారైనవి. వీటికి మ్యాక్ ఎడిషన్ లేదు. సలహా అడిగితే కొందరు ఈ లాప్‌టాప్ అమ్మేసి మరొకటి కొనమంటారు, మరికొందరు మ్యాక్‌లోనే విండోస్‌ను నడిపే పారలల్స్ అనే ప్రోగ్రాం వేసుకుంటే అన్నీ నడుస్తాయంటారు. రెండు సలహాలూ కొందరి విషయంలో సరైనవే, అందరి విషయంలోనూ కావు. సాఫ్ట్‌వేర్‌ను ఆపుతున్నది ఏమిటో ముందు తేల్చుకుంటే పట్టవలసిన దారి దాదాపు దానంతటదే తెలిసిపోతుంది. ఆ పని చేయకుండా ఇన్‌స్టాలేషన్ మొదలుపెట్టినవారికి రెండు మూడు రోజులు వృథా కావడం చాలాసార్లు చూశాను, నాకూ ఒకసారి జరిగింది.

ఆపుతున్నది ఏమిటి

అడ్డంకులు మూడు పొరల్లో ఉంటాయి. మొదటిది ఆపరేటింగ్ సిస్టమ్: విండోస్ కోసం రాసిన ప్రోగ్రాం ఫైలు తెరవాలన్నా, కిటికీ గీయాలన్నా విండోస్‌నే అడుగుతుంది, మ్యాక్‌ఓఎస్‌కు ఆ అడిగే పద్ధతి తెలియదు. రెండోది ప్రాసెసర్: ఇంటెల్, ఏఎమ్‌డీ చిప్‌ల కోసం తయారైన ప్రోగ్రాంలోని ఆదేశాలు ఎక్స్86 భాషలో ఉంటాయి, ఆపిల్ ఎం శ్రేణి చిప్‌లకు తెలిసింది ఆర్మ్ భాష. మూడో పొరలో డ్రైవర్లు (పరికరాలను విండోస్‌తో కలిపే చిన్న ప్రోగ్రాంలు), గ్రాఫిక్స్, లైసెన్స్ తాళాలు ఉంటాయి. మొదటి రెండు పొరలకూ ఇప్పుడు మంచి పరిష్కారాలున్నాయి. ఎవరూ ముందుగా చూడని మూడో పొర దగ్గరే ఎక్కువ ప్రయత్నాలు ఆగిపోతాయి.

మీ మ్యాక్ ఏ తరానిదో మొదట చూడండి. తెర పైన ఎడమ మూలనున్న ఆపిల్ గుర్తును నొక్కి 'అబౌట్ దిస్ మ్యాక్' తెరవండి. అక్కడ 'చిప్' అనే మాట పక్కన ఎం1, ఎం2 వంటి పేరు ఉంటే అది ఆర్మ్ యంత్రం. 'ప్రాసెసర్' పక్కన ఇంటెల్ పేరు ఉంటే పాత తరానిది. ఇంటెల్ మ్యాక్‌లలో 2006 నుంచి ఉన్న బూట్ క్యాంప్ సౌకర్యంతో విండోస్‌ను డిస్క్‌లో వేరే భాగంలో వేసి, కంప్యూటర్‌ను నేరుగా అందులోకే బూట్ చేయవచ్చు. అప్పుడు ఆ మ్యాక్ అచ్చంగా విండోస్ లాప్‌టాప్ అయిపోతుంది కాబట్టి బరువైన సాఫ్ట్‌వేర్‌కు అదే మేలు. కాకపోతే బూట్ క్యాంప్ అధికారికంగా విండోస్ 10 వరకే ఆదరిస్తుంది, ఆ విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 2020 నవంబరులో ఎం1 వచ్చినప్పటి నుంచి ఆపిల్ చిప్ ఉన్న మ్యాక్‌లలో బూట్ క్యాంప్ లేనే లేదు. ఇక్కడ చెప్పేదంతా ప్రధానంగా ఆ మ్యాక్‌ల గురించే.

స్నాప్‌డ్రాగన్ చిప్‌తో వచ్చే విండోస్ లాప్‌టాప్‌లకు మొదటి పొర అడ్డు రాదు గానీ మిగతా రెండూ వస్తాయి. కాబట్టి ఆర్మ్ విండోస్ గురించి కింద చెప్పినవి చాలావరకు వాటికీ వర్తిస్తాయి. ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ చిప్ మీద లినక్స్ వాడేవారికి పని తేలిక, ఎందుకంటే వారు మామూలు విండోస్‌ను వర్చువల్ మెషిన్‌లో (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన మరో కంప్యూటర్) గానీ, డ్యూయల్ బూట్‌గా (లినక్స్ పక్కనే విండోస్ కూడా వేసి, మొదలుపెట్టేటప్పుడు ఒకటి ఎంచుకోవడం) గానీ వేసుకోవచ్చు. క్రోమ్‌బుక్ ఉన్నవారు నేరుగా రిమోట్ మెషిన్ గురించి చెప్పిన భాగానికి వెళ్లవచ్చు.

తరువాత సాఫ్ట్‌వేర్ తయారీదారు ఇచ్చే 'సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్' పేజీ తెరిచి నాలుగు సంగతులు కాగితం మీద రాసుకోండి. ఏ విండోస్ కావాలి, ఆర్మ్ ప్రాసెసర్ గురించి ఏమన్నారు, 3డీ బొమ్మలు గీయడానికి ప్రోగ్రాంలు వాడే ఓపెన్‌జీఎల్ లేదా డైరెక్ట్‌ఎక్స్‌లో ఏ వెర్షన్ అడుగుతోంది, లైసెన్స్ ఏ రకానిది. ఆర్మ్‌కు మద్దతు లేదని ఆ పేజీలో రాసి ఉన్నంత మాత్రాన ప్రోగ్రాం అసలు తెరుచుకోదని కాదు. ఏదైనా చెడితే తయారీదారు సాయం చేయరని దాని అర్థం. నేర్చుకుంటున్న విద్యార్థి ఆ మాటను లెక్కచేయకుండా ప్రయత్నించవచ్చు. కట్టబోయే భవనానికి లెక్కలు కట్టి సంతకం పెట్టే ఇంజినీరు మాత్రం ఆ ధైర్యం చేయకూడదు.

విండోస్ నిజంగా కావాలా

కొన్ని సాఫ్ట్‌వేర్లకు మ్యాక్ ఎడిషన్ ఉన్న సంగతి తెలియక మనుషులు విండోస్ వెంట పడుతుంటారు. ఆటోక్యాడ్‌కు మ్యాక్ ఎడిషన్ ఉంది. ఆటోడెస్క్ ఫ్యూజన్, మ్యాట్‌ల్యాబ్ ఆపిల్ చిప్‌ల మీద సొంతంగానే నడుస్తాయి. మ్యాట్‌ల్యాబ్‌కు 2023బి విడుదల నుంచి ఆ సౌకర్యం వచ్చింది. ఎల్‌టీస్పైస్, కైక్యాడ్, ఫ్రీక్యాడ్ మ్యాక్‌లో దొరుకుతాయి, ఆన్‌షేప్ బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది.

ప్రత్యామ్నాయం ఎంచుకునే ముందు మీరు అప్పగించవలసిన ఫైలు ఏ రూపంలో ఉండాలో తప్పకుండా అడగండి. ఆన్‌షేప్‌లో ఒక బ్రాకెట్ గీసి, దానికి 12 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టి, అంచులను గుండ్రం చేసి, వేర్వేరు డిజైన్ ప్రోగ్రాంలు తెరవగల స్టెప్ ఫైలుగా ఎగుమతి చేశారనుకుందాం. దాన్ని సాలిడ్‌వర్క్స్‌లో తెరిస్తే ఆకారం ఎక్కడా తేడా లేకుండా వస్తుంది, రంధ్రం ఉన్నచోటే ఉంటుంది. ఎడమవైపు ఫీచర్ ట్రీలో మాత్రం స్కెచ్, ఎక్స్‌ట్రూడ్, హోల్, ఫిల్లెట్ అనే వరుసకు బదులు 'ఇంపోర్టెడ్' అనే ఒక్క ముద్ద కనిపిస్తుంది. రంధ్రాన్ని 14కు మార్చమంటే మార్చడానికి అక్కడ కొలత ఉండదు. తయారీకి పంపడానికి ఆ ఫైలు చాలు. మీరు ఎలా గీశారో చూసి మార్కులు వేసే ఉపాధ్యాయుడికి గానీ, రేపు డిజైన్ మార్చవలసిన సహోద్యోగికి గానీ అది పనికిరాదు. ఇలాంటి అవసరం ఉంటే ప్రత్యామ్నాయాల ఆలోచన అక్కడితో ఆపి విండోస్ దారి పట్టడమే మంచిది.

మ్యాక్ లోపల విండోస్: వర్చువల్ మెషిన్

ఆపిల్ చిప్ మీద వర్చువల్ మెషిన్ అంటే మ్యాక్‌ఓఎస్‌లో ఒక కిటికీలో ఆర్మ్ కోసం తయారైన విండోస్ 11ను నడపడం. ఇందుకు మూడు సాధనాలు ఎక్కువ వాడుకలో ఉన్నాయి. పారలల్స్ డెస్క్‌టాప్‌కు డబ్బు చెల్లించాలి, 14 రోజులు ఉచితంగా వాడి చూడవచ్చు. ఆపిల్ చిప్‌లలో ఆర్మ్ విండోస్ నడపడానికి మైక్రోసాఫ్ట్ 2023 ఫిబ్రవరిలో దానికి అధికారిక ఆమోదం ఇచ్చింది. వీఎమ్‌వేర్ ఫ్యూజన్ 2024 నవంబరు నుంచి అందరికీ ఉచితం. పైన చెప్పిన ఆటోడెస్క్ ఫ్యూజన్‌కూ దీనికీ పేరులో తప్ప ఏ సంబంధమూ లేదు. యూటీఎమ్ కూడా ఉచితమే గానీ విండోస్‌కు అందులో 3డీ గ్రాఫిక్స్ సాయం బలహీనం కాబట్టి క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్లు గీసే) పనికి సూచించను. ముందు వీఎమ్‌వేర్ ఫ్యూజన్‌లో ప్రయత్నించి, గ్రాఫిక్స్ తృప్తిగా లేకపోతే పారలల్స్ ట్రయల్‌లో అదే సాఫ్ట్‌వేర్‌ను చూసి, తేడా కళ్లారా కనిపిస్తేనే డబ్బు కట్టండి. వీటిలో ఏదీ విండోస్ లైసెన్స్‌ను తనతో తేదు. అది వేరుగా కావాలి. యాక్టివేట్ చేయకుండానే విండోస్‌ను ఇన్‌స్టాల్ చేయవచ్చు కాబట్టి సాఫ్ట్‌వేర్ నడుస్తుందని తేలిన తరువాతే లైసెన్స్ కొనండి.

పారలల్స్, వీఎమ్‌వేర్ ఫ్యూజన్ రెండూ విండోస్‌ను తామే డౌన్‌లోడ్ చేసిపెడతాయి. చేతితో చేయాలనుకుంటే మైక్రోసాఫ్ట్ నుంచి ఆర్మ్64 ఐఎస్ఓ ఫైలునే (విండోస్ ఇన్‌స్టాలేషన్ డిస్క్ నకలు) తీసుకోండి. ఇంటెల్, ఏఎమ్‌డీ చిప్‌ల కోసం చేసిన మామూలు ఎక్స్64 ఐఎస్ఓ తెస్తే అది ఇక్కడ బూట్ కాదు.

మెమరీ కేటాయింపులో చాలామంది పొరపాటు పడతారు. విండోస్‌కు ఎంత ఎక్కువ ఇస్తే అంత మంచిదనుకుని 16 జీబీ ఉన్న మ్యాక్‌లో 12 ఇచ్చేస్తే మ్యాక్‌ఓఎస్‌కు ఊపిరాడదు, అది డిస్క్‌ను మెమరీగా వాడడం మొదలుపెడుతుంది, దాంతో లోపలున్న విండోస్ కూడా నత్తనడక పడుతుంది. మొత్తంలో సగానికి మించకుండా ఇవ్వడం నా పద్ధతి: 16 జీబీ ఉంటే 8, 24 ఉంటే 12. 8 జీబీ మ్యాక్‌లో 4 ఇస్తే విండోస్ 11 తెరుచుకుంటుంది, ఎందుకంటే దాని కనీస అవసరం అంతే. కానీ క్యాడ్‌కు అది చాలదు, అటువంటివారు రిమోట్ మార్గమే చూసుకోవాలి. ప్రాసెసర్ కోర్‌లు కూడా సగమే ఇవ్వండి. విండోస్ కనీసం 64 జీబీ డిస్క్ అడుగుతుంది. ఒక పెద్ద ఇంజినీరింగ్ ప్యాకేజీ, దాని లైబ్రరీలు, మీ ప్రాజెక్టులు కలిస్తే 120 జీబీకి తక్కువ పెట్టుకోవద్దు. మ్యాక్‌లో అంత చోటు లేకపోతే వేగమైన బయటి ఎస్ఎస్‌డీ మీద వర్చువల్ మెషిన్ మొత్తాన్ని ఉంచవచ్చు, అది నడుస్తున్నప్పుడు కేబుల్ కదలకుండా చూసుకోవాలి.

విండోస్ వేసిన వెంటనే అప్‌డేట్లన్నీ పూర్తి చేయండి. దీనికి గట్టి కారణం ఉంది. ఆర్మ్ విండోస్ 11లో ఎక్స్86 ప్రోగ్రాంల ఆదేశాలను నడుస్తుండగానే ఆర్మ్ భాషలోకి మార్చే ఎమ్యులేటర్ ఉంటుంది. 24హెచ్2 వెర్షన్ నుంచి దాన్ని ప్రిజమ్ అంటున్నారు. విశ్లేషణ సాఫ్ట్‌వేర్లలో లెక్కలు కట్టే భాగాలైన సాల్వర్లు పెద్ద మాత్రికల లెక్కల కోసం ఏవీఎక్స్, ఏవీఎక్స్2 అనే ఆదేశాలను వాడుతుంటాయి. మొదట్లో ఎమ్యులేటర్‌కు అవి తెలిసేవి కావు. మోడల్ గీయడం వరకు అంతా బాగా నడిచి, 'రన్' నొక్కగానే ప్రోగ్రాం మాయమయ్యేది. తరువాతి అప్‌డేట్లలో ఆ లోటు తీరింది. అందుకే పాత విండోస్ మీద విఫలమైన సాఫ్ట్‌వేర్‌ను కొత్త విండోస్ మీద మరోసారి చూడడం వృథా కాదు.

ఇన్‌స్టాలర్ నొక్కబోయే ముందు వర్చువల్ మెషిన్‌కు ఒక స్నాప్‌షాట్ తీయండి. సగంలో చెడిన ఇన్‌స్టాలేషన్‌ను శుభ్రం చేయడం కంటే నిమిషంలో పాత స్థితికి వెళ్లి మళ్లీ మొదలుపెట్టడం ఎంతో నయం. ఆ తరువాత ప్రోగ్రాం తెరిచి, టాస్క్ మేనేజర్‌లో 'డీటెయిల్స్' పేజీకి వెళ్లి, నిలువు వరుసల పేర్ల మీద కుడి బటన్ నొక్కి 'ఆర్కిటెక్చర్' అనే వరుసను చేర్చండి. మీ ప్రోగ్రాం పక్కన ఎక్స్64 అని ఉంటే అది ఎమ్యులేషన్‌లో నడుస్తోందని అర్థం, కొంత వేగం తగ్గడం సహజం. తెరుచుకున్నా అకారణంగా మూసుకుపోతుంటే ప్రోగ్రాం ఫైలు ప్రాపర్టీస్‌లో 'కంపాటిబిలిటీ' భాగానికి వెళ్లండి. ఆర్మ్ విండోస్‌లో అక్కడ ఎమ్యులేషన్ సెట్టింగులు మార్చే బటన్ ఒకటి అదనంగా ఉంటుంది. వేగం తగ్గించి భద్రత పెంచే సెట్టింగులను ఒక్కొక్కటిగా మార్చి చూస్తే కొన్ని పాత ప్రోగ్రాంలు కుదురుకుంటాయి.

మూడో పొర దగ్గర వచ్చే చిక్కులు

నాకు రెండు రోజులు పోయింది ఇక్కడే. ఒక స్ట్రక్చరల్ అనాలిసిస్ సాఫ్ట్‌వేర్‌ను యూఎస్‌బీ డాంగిల్ (లైసెన్స్‌కు తాళంచెవిలా పనిచేసే చిన్న పరికరం) లైసెన్స్‌తో ఇన్‌స్టాల్ చేస్తున్నాను. ఆకుపచ్చ పట్టీ చివరిదాకా వెళ్లింది, ఇక అయిపోయిందనుకునేలోపు అది వెనక్కి నడవడం మొదలుపెట్టింది. 'రోలింగ్ బ్యాక్' అని ఒక్క మాట కనిపించి, ఏ కారణమూ చెప్పకుండా ఇన్‌స్టాలర్ మూసుకుపోయింది. విండోస్ మళ్లీ వేశాను, మెమరీ పెంచాను, యాంటీవైరస్ ఆపాను, ఏం చేసినా అదే జరిగింది. చివరకు టెంప్ ఫోల్డర్‌లోని ఇన్‌స్టాలేషన్ లాగ్ తెరిచి 'రిటర్న్ వాల్యూ 3' అని వెతికాను. విండోస్ ఇన్‌స్టాలర్ లాగ్‌లో ఏ అడుగు విఫలమైందో చెప్పే గుర్తు అదే. దానికి సరిగ్గా పైనున్న వరుసల్లో డాంగిల్ డ్రైవర్ పేరు ఉంది.

కారణం తెలిశాక అంతా తేటపడింది. విండోస్ ఎమ్యులేటర్ మామూలు ప్రోగ్రాంలను మాత్రమే అనువదిస్తుంది. విండోస్ మూలభాగమైన కెర్నెల్‌లో కూర్చునే డ్రైవర్లను అనువదించదు, అవి ఆర్మ్64 కోసమే తయారై ఉండాలి. ఎక్స్86 డ్రైవర్‌ను ఎన్నిసార్లు వేసినా విండోస్ దాన్ని లోపలికి రానివ్వదు. నేను తయారీదారుకు రాస్తే డాంగిల్ బదులు నెట్‌వర్క్ లైసెన్స్ ఇచ్చారు, దానికి డ్రైవర్ అక్కర్లేదు కాబట్టి పని జరిగింది. మీ సాఫ్ట్‌వేర్‌కు డాంగిల్ గానీ, కొలతలు తీసుకునే డేటా అక్విజిషన్ కార్డు గానీ, మైక్రోకంట్రోలర్ ప్రోగ్రామర్ గానీ ఉంటే, దానికి ఆర్మ్64 డ్రైవర్ ఉందా అన్నది అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న. లేదని తేలితే వర్చువల్ మెషిన్ దారి అక్కడితో మూసుకుపోయినట్టే.

డ్రైవర్ అవసరం లేని లైసెన్సులకూ ఒక మెలిక ఉంది. చాలా లైసెన్సులు నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రస్‌కు ముడిపడి ఉంటాయి (ఇది ఆ కార్డు గుర్తింపు సంఖ్య, ఆపిల్ మ్యాక్‌తో దీనికి సంబంధం లేదు). వర్చువల్ మెషిన్‌ను కాపీ చేసినప్పుడు ఆ అడ్రస్ మారవచ్చు, మారితే నిన్నటిదాకా పనిచేసిన లైసెన్స్ ఈరోజు చెల్లదంటుంది. మొదటి రోజే ఆ అడ్రస్‌ను రాసి పెట్టుకుని, తరువాత ఎప్పుడైనా మారితే సెట్టింగుల్లో మళ్లీ అదే పెట్టండి. కళాశాల లేదా ఆఫీసు లైసెన్స్ సర్వర్‌కు కలవవలసి వస్తే వీపీఎన్‌ను (ఇంటర్నెట్ మీదుగా వారి నెట్‌వర్క్‌లోకి సురక్షితంగా కలిపే ప్రోగ్రాం) మ్యాక్‌లో కాకుండా విండోస్ లోపలే పెట్టుకుంటే చిక్కులు తక్కువ. అయితే ఆ వీపీఎన్ ప్రోగ్రాంకు కూడా ఆర్మ్ ఎడిషన్ ఉండాలి, ఎందుకంటే అదీ డ్రైవర్ వేసేదే.

గ్రాఫిక్స్ సంగతి సాఫ్ట్‌వేర్‌ను బట్టి మారుతుంది. వర్చువల్ మెషిన్‌లోని విండోస్‌కు మీ మ్యాక్ గ్రాఫిక్స్ చిప్ నేరుగా కనిపించదు, మధ్యలో ఒక అనువాదకుడు ఉంటాడు. పారలల్స్‌లో డైరెక్ట్‌ఎక్స్ 11, ఓపెన్‌జీఎల్ 4.1 వరకే అందుతాయి. డైరెక్ట్‌ఎక్స్ 12 తప్పనిసరి అనే సాఫ్ట్‌వేర్ అందులో నడవదు. సాలిడ్‌వర్క్స్‌లో మోడల్ తిప్పేటప్పుడు ముఖాలు మాయమవడం, గీతలు చెదరడం కనిపిస్తే ఆప్షన్లలో 'యూజ్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌జీఎల్' ఎంచుకోండి. చిన్న పార్టులకు అది సరిపోతుంది, వందల పార్టులున్న అసెంబ్లీకి సరిపోదు. స్టాడ్ వంటి ఫ్రేమ్ విశ్లేషణలో తెర మీద గీతలే ఎక్కువ కాబట్టి గ్రాఫిక్స్ బెడద అంతగా ఉండదు.

ఇక రోజూ విసిగించే చిన్న సంగతులు కొన్ని. మ్యాక్ ఫోల్డర్లు విండోస్‌లో కనిపిస్తాయి గదా అని ప్రాజెక్టు ఫైళ్లను అక్కడే ఉంచి తెరవకండి. విండోస్ దృష్టిలో అది నెట్‌వర్క్ డ్రైవ్, చాలా సాల్వర్లు తాత్కాలిక ఫైళ్లు అక్కడ రాయలేక ఆగిపోతాయి. సీ డ్రైవ్‌లో ఖాళీలు లేని పొట్టి ఇంగ్లిష్ పేరుతో ఒక ఫోల్డర్ చేసుకుని అందులో పని చేసి, సాయంత్రం మ్యాక్‌కు నకలు పంపండి. మ్యాక్ కీబోర్డులో 'డిలీట్' అని రాసి ఉన్న కీ విండోస్‌కు బ్యాక్‌స్పేస్. క్యాడ్‌లో గీసినదాన్ని చెరపాలంటే దానితో పాటు ఎఫ్ఎన్ కీ కూడా నొక్కాలి. మధ్య బటన్ ఉన్న మౌస్ తప్పనిసరిగా కొనుక్కోండి, ట్రాక్‌ప్యాడ్‌తో మోడల్‌ను తిప్పడం చేతికీ ఓపికకూ శిక్షే. పాత సాఫ్ట్‌వేర్లలో బటన్లు ఆవగింజల్లా కనిపిస్తే వర్చువల్ మెషిన్ డిస్‌ప్లే సెట్టింగుల్లో రెటీనా రిజల్యూషన్ మాని తక్కువ రిజల్యూషన్ పెట్టండి. గ్రాఫిక్స్ భారం కూడా కలిసి తగ్గుతుంది.

అంతా కుదిరిందనుకున్నాక చేతితో లెక్క కట్టగల ఒక సమస్యతో పరీక్షించండి. రెండు చివరలా సింపుల్ సపోర్టు ఉన్న 6 మీటర్ల దూలం మీద మీటరుకు 10 కిలోన్యూటన్ల భారం సమంగా వేస్తే మధ్యలో బెండింగ్ మూమెంట్ 45 కిలోన్యూటన్ మీటర్లు, ఆధారాల దగ్గర షియర్ 30 కిలోన్యూటన్లు రావాలి. దూలం సొంత బరువు చేర్చకుండా చూడండి, లేకపోతే సంఖ్య కొంచెం పెరుగుతుంది. జవాబు సరిపోతే సరే అని ఆగిపోకండి; రిపోర్టును పీడీఎఫ్‌గా తీయండి, ఫైలు మూసి మళ్లీ తెరవండి, ఆ తరువాత మీ పనిలో రాబోయే అతిపెద్ద ఫైలును ఎవరి దగ్గరైనా తీసుకుని తెరిచి చూడండి. 14 రోజుల ట్రయల్ ఉన్నది దీనికే.

వైన్, పూర్తి ఎమ్యులేషన్

విండోస్ లేకుండానే విండోస్ ప్రోగ్రాంలను నడిపే వైన్, దాని వాణిజ్య రూపమైన క్రాస్ఓవర్ ఉన్నాయి. చిన్న లెక్కల ప్రోగ్రాంలకు, పాత సర్క్యూట్ సాధనాలకు ఇవి చక్కగా పనికొస్తాయి. పెద్ద క్యాడ్ ప్యాకేజీలు తమ వెంట డేటాబేస్‌లనూ లైసెన్స్ సర్వీసులనూ తెచ్చుకుంటాయి కాబట్టి వాటి విషయంలో ఒక గంటకు మించి ప్రయత్నించకండి. అలాగే యూటీఎమ్‌లో మొత్తం ఇంటెల్ కంప్యూటర్‌నే ఎమ్యులేట్ చేసి ఎక్స్64 విండోస్ వేయవచ్చు, పారలల్స్‌లో కూడా 2025 నుంచి ఆ సౌకర్యం ప్రయోగాత్మకంగా ఉంది. విండోస్ తెరుచుకోవడానికే నిమిషాలు పట్టే ఆ వేగంతో డిజైన్ పని సాగదు.

దూరాన ఉన్న విండోస్ మెషిన్

బరువైన పనికి నేను మనస్ఫూర్తిగా సూచించే మార్గం ఇది. సాఫ్ట్‌వేర్ తనకు సరిపడే అసలైన విండోస్ కంప్యూటర్‌లో నడుస్తుంది, మీ మ్యాక్ దాని తెరను చూపించి మీ కీబోర్డు, మౌస్ కదలికలను అక్కడికి పంపుతుంది. మూడు పొరల అడ్డంకులూ దాదాపు ఒక్కసారిగా తొలగిపోతాయి, 8 జీబీ మ్యాక్ కూడా చాలు. కావలసిందల్లా నిలకడైన ఇంటర్నెట్. వేగం కంటే ఆలస్యం ముఖ్యం: మౌస్ కదిలించిన తరువాత తెర మీద కదలిక కనిపించడానికి పట్టే సమయం 50 మిల్లీసెకన్ల లోపు ఉంటే గీయడం హాయిగా ఉంటుంది, 100 దాటితే గీత పట్టుకోవడమే కష్టమవుతుంది.

మీ విద్యాసంస్థకు వర్చువల్ ల్యాబ్ ఉందేమో ముందు కనుక్కోండి. చాలా ఇంజినీరింగ్ విభాగాలు తమ ల్యాబ్ కంప్యూటర్లను బయటి నుంచి వాడుకునే వీలు కల్పిస్తాయి, లైసెన్సులు కూడా వాటిలోనే ఉంటాయి. విద్యార్థులకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. ల్యాబ్ నిర్వాహకుడిని నేరుగా అడగాలి.

సొంత డెస్క్‌టాప్ గానీ, ఇంట్లో వాడని విండోస్ లాప్‌టాప్ గానీ ఉంటే అదీ చాలు. విండోస్ సొంత రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా బయటి నుంచి రానివ్వాలంటే ఆ కంప్యూటర్‌లో ప్రో ఎడిషన్ ఉండాలి, హోమ్ ఎడిషన్ రానివ్వదు. మ్యాక్ వైపు మైక్రోసాఫ్ట్ ఇచ్చే 'విండోస్ యాప్' వేసుకోండి. 2024 దాకా దాని పేరు రిమోట్ డెస్క్‌టాప్ అనే ఉండేది. ఒక హెచ్చరికను మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి: రౌటర్‌లో 3389 పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టవద్దు. ఆ పోర్టు కోసం వెతికే ప్రోగ్రాంలు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి, పాస్‌వర్డ్ ఊహించి లోపలికి వస్తాయి. టెయిల్‌స్కేల్ వంటి వీపీఎన్ రెండు వైపులా పెట్టుకుని దాని ద్వారానే కలవండి.

ఇక్కడా లైసెన్స్ ఒకసారి అడ్డు తగలవచ్చు. ఒకే కంప్యూటర్‌కు కట్టిన కొన్ని ఫ్లెక్స్ (చాలా తయారీదారులు వాడే ఒక లైసెన్స్ పద్ధతి) లైసెన్సులు రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా తెరిస్తే అది పలువురు పంచుకునే టెర్మినల్ సర్వర్ అనుకుని పనిచేయడానికి నిరాకరిస్తాయి. క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్, పార్సెక్ వంటివి ఆ కంప్యూటర్ అసలు తెరనే చూపిస్తాయి కాబట్టి వాటితో ఈ సమస్య రాకపోవచ్చు. మీ లైసెన్స్ ఒప్పందం దూరం నుంచి వాడకాన్ని అనుమతిస్తుందో లేదో చదివి నిర్ధారించుకున్నాకే అలా చేయండి.

ఏదీ లేకపోతే క్లౌడ్‌లో గ్రాఫిక్స్ కార్డు ఉన్న విండోస్ మెషిన్‌ను గంటల లెక్కన అద్దెకు తీసుకోవచ్చు. ప్రాజెక్టు చివరి రెండు వారాలకే బరువైన పని ఉన్నవారికి కొత్త లాప్‌టాప్ కంటే ఇది చవక కావచ్చు. బిల్లు పెరగడానికి ఒకే కారణం, ఆపడం మరిచిపోవడం లేదా సరిగ్గా ఆపకపోవడం. మైక్రోసాఫ్ట్ అజూర్‌లో విండోస్ లోపలి నుంచి షట్‌డౌన్ చేస్తే మెషిన్ ఆగినట్టు కనిపిస్తుంది గానీ అద్దె ఆగదు. అజూర్ పోర్టల్‌లో 'స్టాప్' నొక్కి, దాని స్థితి 'డీఅలొకేటెడ్' అని మారేదాకా చూడాలి. అప్పుడు కూడా డిస్క్‌కు కొంత చెల్లించాల్సి ఉంటుంది. రోజూ ఒక సమయానికి దానంతటదే ఆగిపోయే ఏర్పాటు మొదటి రోజే పెట్టుకోండి.

పనిని బట్టి నిర్ణయం

తరగతిలో చిన్న పార్టులు గీయడానికి, ఫ్రేమ్ లెక్కలు కట్టడానికి 16 జీబీ మ్యాక్‌లో వర్చువల్ మెషిన్ చాలు. పూర్తి భవనం రెవిట్ మోడల్, పెద్ద అసెంబ్లీ, ఫైనైట్ ఎలిమెంట్ విశ్లేషణ అయితే రిమోట్ మెషినే సరైనది. ఎదురుగా బల్ల మీద ఉన్న బోర్డునో పరికరాన్నో యూఎస్‌బీతో కలపాలి, దానికి ఆర్మ్ డ్రైవర్ లేదు అంటే ఈ రెండు మార్గాలూ సుఖం కావు. ఆ పనికి మాత్రం ఒక పాత ఇంటెల్ విండోస్ లాప్‌టాప్ దగ్గర పెట్టుకోవడమే తక్కువ ఖర్చు, తక్కువ శ్రమ. ఇంకా లాప్‌టాప్ కొననివారు పైన చెప్పిన నాలుగు సంగతులను కొనక ముందే రాసుకుంటే ఈ అవస్థే ఉండదు.

ఏ మార్గం పట్టినా సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఏడాదిని మీ బృందంతో సరిచూసుకోండి. కొత్త ఏడాది రెవిట్‌లో ఒకసారి తెరిచి దాచిన ఫైలును పాత రెవిట్ తెరవలేదు. మీరు ఇంట్లో కొత్తది వేసుకుని, ల్యాబ్‌లో పాతది ఉంటే, ఇంట్లో చేసిన పని ల్యాబ్‌లో తెరుచుకోదు. ఒకరు పొరపాటున కొత్తదానిలో దాస్తే బృందమంతా కొత్తదానికి మారవలసి వస్తుంది. అప్పగించే గడువు దగ్గర పడినప్పుడు విండోస్ అప్‌డేట్లను వారం పాటు పాజ్‌లో పెట్టండి. గడువుకు రెండు రోజుల ముందే అసలు ఫైలును, దాని పీడీఎఫ్‌ను ల్యాబ్ కంప్యూటర్‌లో తెరిచి చూసుకోండి, ఫాంట్లు, కొలతలు, షీటు అంచులు అక్కడ ఎలా కనిపిస్తున్నాయో గమనించండి. తేడా ఉంటే సరిదిద్దడానికి ఇంకా ఒక రోజు మిగిలే ఉంటుంది.